నడుముకు గన్ ఎక్కడ పెట్టుకోవాలి? నిలబడి కాదు, కూర్చుని తేల్చుకోండి

అమెరికాలో గ్యాస్ స్టేషనో లిక్కర్ స్టోరో నడుపుతూ, రాత్రి పొద్దుపోయాక క్యాష్ బ్యాగుతో ఇంటికి బయల్దేరేవాళ్ళు గన్ కొన్నాక మొదట అడిగేది, గన్ పెట్టుకునే తొడుగు గురించి, "ఏ హోల్‌స్టర్ మంచిది?" అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. రోజులో మీరు ఎన్ని గంటలు కూర్చుంటారు, ఎన్ని గంటలు నిలబడతారు, ఎన్నిసార్లు వంగుతారు? షాపులో అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఏ హోల్‌స్టరైనా బాగానే కనిపిస్తుంది. కారెక్కి సీటుబెల్టు పెట్టుకున్న పది నిమిషాలకు దాని అసలు రంగు బయటపడుతుంది.

ఒంటికి ఇబ్బందిగా ఉన్న చోటు ప్రమాదకరమైన చోటు కూడా. ఎందుకంటే గుచ్చుకుంటున్న కొద్దీ చేయి దాని మీదికే పోతుంది. సర్దుతారు, పైకి లాగుతారు, చివరికి తీసి కారు డోర్ జేబులోనో కౌంటర్ కింద సొరుగులోనో పడేస్తారు, దిగేటప్పుడు మళ్ళీ దోపుకుంటారు. హోల్‌స్టర్‌లో కదలకుండా ఉన్న గన్ దానంతట అది పేలడం చాలా అరుదు. తీసేటప్పుడు, పెట్టేటప్పుడు పేలుతుంది. కాబట్టి పొద్దున ఒకసారి పెట్టుకుంటే రాత్రి పడుకునే ముందు తీసేదాకా చేయి పెట్టాల్సిన అవసరం రాని చోటు వెతుక్కోవాలి. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

మీ వీసా సంగతి ముందు చూసుకోండి. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. 2022 సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నా, వాటిని నమ్ముకునే ముందు లాయరుతో మాట్లాడాల్సిందే. "మా ఫ్రెండ్‌ది, షూటింగ్ రేంజ్‌లో ఒక్కసారి పట్టుకున్నా" అన్నంత మాత్రాన బయటపడరు. గ్రీన్ కార్డున్నవాళ్ళకూ పౌరులకూ ఈ అడ్డంకి లేదు. రాష్ట్రాన్ని బట్టి నియమాలు మారతాయి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, చట్టం నిషేధించనివాళ్ళెవరైనా 21 ఏళ్ళు నిండితే లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకుని తిరగవచ్చు. ఇల్లినాయిస్‌లో 16 గంటల శిక్షణ పూర్తిచేసి లైసెన్సు తీసుకోవాలి. న్యూజెర్సీలో పర్మిట్ లేనిదే కుదరదు. టెక్సాస్‌లో తలుపు మీద 30.06 అని అంకెలున్న బోర్డు ఉంటే, లైసెన్సున్నా దాచుకున్న గన్‌తో లోపలికి వెళ్ళకూడదు. రాష్ట్రం దాటి ప్రయాణం చేసే ప్రతిసారీ కొత్తగా చూసుకోండి.

ఇక హోల్‌స్టర్. పాత సినిమాల్లో విలన్ బొడ్లో పిస్టల్ దోపుకుని తిరుగుతాడు. నిజ జీవితంలో అలా చేసిన ప్లాక్సికో బరెస్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడికి ఏమైందో లోకమంతా చూసింది. 2008 నవంబర్‌లో న్యూయార్క్‌లోని ఒక నైట్‌క్లబ్‌లో, హోల్‌స్టర్ లేకుండా స్వెట్‌ప్యాంట్ నడుములో దోపుకున్న గ్లాక్ పిస్టల్ కిందికి జారి పేలింది, తూటా తన తొడకే తగిలింది. పర్మిట్ లేని ఆయుధం కావడంతో పైన రెండేళ్ళ జైలు కూడా పడింది.

మంచి హోల్‌స్టర్‌కు నాలుగు పరీక్షలున్నాయి. నాలుగూ ఖాళీ గన్‌తోనే చేయాలి. మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీయండి, స్లైడ్ (గన్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి చాంబర్‌లో (పేలబోయే తూటా కూర్చునే గదిలో) కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి, తూటాలను వేరే గదిలో పెట్టి రండి. మొదటి పరీక్ష ట్రిగ్గర్‌ది. ఖాళీ గన్‌ను కాక్ చేసి (స్లైడ్ ఒకసారి లాగి వదిలి, ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమనేలా సిద్ధం చేసి) హోల్‌స్టర్‌లో పెట్టి, బయటినుంచి ట్రిగ్గర్ ఉన్న చోట బొటనవేలితో గట్టిగా నొక్కండి. లోపల టిక్కుమన్నా, ట్రిగ్గర్ కదిలినట్టు అనిపించినా ఆ హోల్‌స్టర్ చెత్తబుట్టకే. మెత్తటి నైలాన్ సంచి లాంటివి, ఏ గన్‌కైనా సరిపోతాయని అమ్మేవి ఎక్కువగా ఇక్కడే తప్పుతాయి. రెండోది పట్టు. మంచం మీద హోల్‌స్టర్‌ను తలకిందులుగా పట్టుకుని మెల్లగా ఊపండి, గన్ పడకూడదు. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్లలో పట్టును పెంచే స్క్రూ ఒకటుంటుంది. దాన్ని సరిచూసుకున్నాక నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూను పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క వేయండి, లేకపోతే నెలరోజుల్లో వదులవుతుంది. మూడోది మూతి. గన్ బయటికి తీశాక హోల్‌స్టర్ నోరు తెరిచే ఉండాలి. నాలుగోది బెల్టుకు తగిలించే క్లిప్పు. ఇరవైసార్లు వేగంగా గన్ లాగి చూడండి, ఒక్కసారైనా హోల్‌స్టర్ కూడా ఊడి చేతిలోకి వచ్చిందంటే ఆ క్లిప్పు పనికిరాదు.

మూడో పరీక్ష గురించి ఇంకొంచెం. పాత తోలు హోల్‌స్టర్ మెత్తబడి, దాని అంచు లోపలికి ముడుచుకుంటుంది. గన్ కిందికి దించుతుంటే ఆ ముడత ట్రిగ్గర్ గార్డులోకి దూరి వేలు లాగే పనిని తనే చేస్తుంది. మనిషి వేలు ట్రిగ్గర్ మీద లేదు, అయినా తుపాకీ పేలుతుంది. చొక్కా అంచు, జాకెట్ తాడు చివరనుండే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ కూడా ఇదే పని చేయగలవు. నడుము దగ్గర తాళ్ళు వేలాడే జాకెట్లుంటే ఆ తాళ్ళు కత్తిరించేయండి.

బెల్టు మీద డబ్బు ఆదా చేయకండి. గ్లాక్ 19 లాంటి పిస్టల్ నిండు మ్యాగజైన్‌తో సుమారు 850 గ్రాములు తూగుతుంది. ఆఫీసు ప్యాంటుకు పెట్టుకునే పల్చటి బెల్టు ఆ బరువుకు మడత పడి, పిడి బయటికి ఒరిగిపోతుంది. ఒకటిన్నర అంగుళం వెడల్పు, లోపల గట్టి పొర ఉన్న బెల్టు కావాలి. రంధ్రాల మధ్య అంగుళం దూరముండే మామూలు బెల్టులో ఒక రంధ్రానికి బిగుతు, పక్కదానికి వదులు అవుతుంది. అర అంగుళం దూరమున్నదో, పళ్ళపట్టీతో బిగించేదో తీసుకుంటే భోజనం చేశాక కొంచెం సడలించుకోవచ్చు. గన్ ప్యాంటు లోపల పెట్టుకునేట్టయితే నడుము సైజు ఒకటి రెండు అంగుళాలు పెద్దది కొనండి. సగం మంది "హోల్‌స్టర్ గుచ్చుకుంటోంది" అనే ఫిర్యాదు నిజానికి ప్యాంటు మీద చేయాల్సింది.

ఇప్పుడు చోటు. నడుమును గడియారం అనుకోండి. బొడ్డు 12, కుడి తుంటి 3, వెన్నెముక 6, ఎడమ తుంటి 9. కింద చెప్పేదంతా కుడిచేతి వాటం వాళ్ళకు. ఎడమచేతి వాళ్ళు అద్దంలో చూసినట్టు తిప్పి చదువుకోండి.

మూడున్నర నుంచి నాలుగున్నర మధ్య, తుంటి ఎముక వెనక ఉండే గుంట, కొత్తవాళ్ళకు అన్నిటికంటే తక్కువ తప్పులు జరిగే చోటు. సరిగ్గా 3 దగ్గర పెడితే ఎముక మీద ఆని సాయంత్రానికి కమిలిపోతుంది. అరగంట ముల్లంత వెనక్కి జరిపితే చాలు. హోల్‌స్టర్‌ను 10 నుంచి 15 డిగ్రీలు ముందుకు వంచితే పిడి పక్కటెముకల వెంబడి ఒదిగి, చొక్కా మీద ఆకారం తేలదు. నిలబడి పనిచేసేవాళ్ళకు, కొద్దిగా బొజ్జ ఉన్నవాళ్ళకు ఇది హాయి. దీని బలహీనత రెండు చోట్ల కనిపిస్తుంది. ముందుకు వంగితే పిడి చొక్కాను గుడారంలా లేపుతుంది, కాబట్టి కింది అరలో సరుకు తీసేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్ళ మీద కూర్చోవడం అలవాటు చేసుకోవాలి. రెండోది కారు. అమెరికాలో డ్రైవర్ సీటుబెల్టు బకిల్ కుడి తుంటి పక్కనే ఉంటుంది. గన్, బకిల్, సీటు అంచు మూడూ ఒకేచోట ఇరుక్కుంటాయి. రోజుకు నాలుగైదు గంటలు డ్రైవింగ్‌లోనే ఉండేవాళ్ళు ఈ చోటుతో సర్దుకోలేరు.

పన్నెండున్నర నుంచి ఒకటిన్నర మధ్య పెట్టుకోవడాన్ని అపెండిక్స్ క్యారీ అంటారు, అపెండిసైటిస్ నొప్పి వచ్చేది కూడా ఆ వైపే కాబట్టి. బాగా దాగుతుంది, రెండు చేతులకూ అందుతుంది, జనంలో ఎవరైనా వెనకనుంచి లాక్కోబోతే కాపాడుకోవడం తేలిక, కార్లో బకిల్ అడ్డం రాదు. ఇన్ని లాభాలున్నా మొదటి రోజే దీనికి దిగవద్దనే మా మాట. కారణం దాచాల్సింది కాదు. గన్ పెట్టేటప్పుడు గొట్టం మర్మాంగాల వైపో, తొడ మొదట్లో ఉండే పెద్ద రక్తనాళం వైపో చూస్తుంటుంది. తుంటి దగ్గర పొరపాటున పేలితే పిరుదు కండకు, కాలికి గాయమవుతుంది. ఇక్కడ పేలితే అంబులెన్స్ వచ్చేదాకా ప్రాణం ఉంటుందో లేదో. హోల్‌స్టర్‌తో గన్ పెట్టి తీయడం వందల సార్లు ఖాళీ గన్‌తో చేసి చేయి కుదిరాకే ఇటు రండి.

వచ్చాక చోటు కుదుర్చుకునే పద్ధతి ఇది. కుర్చీలో కూర్చుని కుడి మోకాలు పైకెత్తండి. తొడ, పొట్ట కలిసే మడత ఎక్కడ పడుతుందో వేలితో గుర్తుపట్టండి. గొట్టం చివర ఆ మడత మీద పడకుండా, దానికి బొడ్డు వైపున ఉండాలి. మడత మీద పడితే కూర్చున్న ప్రతిసారీ గన్ పైకి తన్నుకొస్తుంది. చాలామంది చిన్న గన్ అయితే గుచ్చుకోదనుకుని మూడంగుళాల గొట్టమున్నది కొంటారు. చిన్న గన్‌లో బరువంతా బెల్టు పైన ఉండిపోయి పిడి బయటికి తూలుతుంది. నాలుగంగుళాల గొట్టమో, పొడవైన హోల్‌స్టరో ఉంటే కింది భాగం ఒంటికి ఆనుకుని పైభాగాన్ని లోపలికి నొక్కి పట్టుకుంటుంది. హోల్‌స్టర్ కింది భాగంలో, ఒంటి వైపున అంటించే మెత్తటి ఫోమ్ దిండును వెడ్జ్ అంటారు. అది గొట్టం చివరను బయటికి తోసి పిడిని పొట్టవైపు వంచుతుంది. బెల్టుకు లోపలినుంచి ఆనే చిన్న ప్లాస్టిక్ రెక్కను క్లా అంటారు. అది పిడిని పక్కకు తిప్పి ఒంటికి హత్తుకునేలా చేస్తుంది. రెండింటి పని వేరు, చాలామందికి రెండూ కావాలి. బొజ్జ బెల్టు మీదికి జారే శరీరమైతే ఎన్ని దిండ్లు పెట్టినా అపెండిక్స్ కుదరకపోవచ్చు. బలవంతం చేయకుండా నాలుగు గంటల చోటుకు వెళ్ళిపోండి.

హోల్‌స్టర్ ఎంత ఎత్తులో ఉండాలన్నది రెండు చోట్లకూ ఒకటే లెక్క. బెల్టు అడ్డం రాకుండా మూడు వేళ్ళు పిడి చుట్టూ పూర్తిగా పడాలి. అంతకంటే కిందికుంటే లాగేటప్పుడు పట్టు చాలదు, పైకుంటే తూలుతుంది.

6 దగ్గర, వెన్నెముక మీద, అసలు పెట్టుకోకండి. వెనక్కి జారిపడితే గట్టి ఇనుప ముక్క మీద వెన్నుపూస పడుతుంది. పైగా చొక్కా ఎప్పుడు పైకి లేచిందో మీకు తెలియదు, వెనకున్నవాడికి తెలుస్తుంది. భుజం హోల్‌స్టర్‌లో అడ్డంగా పెట్టే రకం గొట్టం మీ వెనక లైన్లో నిలబడ్డవాళ్ళ వైపు చూస్తుంటుంది. ఎండల్లో కోటు విప్పలేరు కూడా. చీలమండ హోల్‌స్టర్ రోజంతా కూర్చునేవాళ్ళకు రెండో గన్ కోసమైతే సరే, దుమ్ము పట్టి వారానికోసారి శుభ్రం చేయక తప్పదు.

జేబు మాత్రం చిన్న రివాల్వర్‌కు నిజంగా పనికొస్తుంది. అరకిలో లోపు బరువుండే ఐదు గుళ్ళ .38 రివాల్వర్‌కు, డబుల్ యాక్షన్‌లో (సుత్తిని వెనక్కి లాగి వదిలే పని కూడా ట్రిగ్గరే చేసే పద్ధతిలో) ట్రిగ్గర్ లాగడానికి ఐదారు కిలోల బలం కావాలి. గ్లాక్ లాంటి పిస్టల్‌కు రెండున్నర కిలోల పైచిలుకు చాలు. ఆ తేడా జేబులో ఎంతో రక్షణ. కానీ జేబు హోల్‌స్టర్ తప్పనిసరి, ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు. తాళంచెవుల గుత్తి, పెన్ను, నాణెం, ఏదీ. గన్ లాగినప్పుడు హోల్‌స్టర్ జేబులోనే ఉండిపోయేలా గరుకు వైపు ఉన్నది చూసుకోండి.

ఆడవాళ్ళకు బెల్టు లేని బట్టలే ఎక్కువ. లెగ్గింగ్స్, పంజాబీ డ్రెస్ మీద వాడే బెల్లీ బ్యాండ్ (పొట్టకు చుట్టుకునే వెడల్పు పట్టీ) కొనేటప్పుడు ట్రిగ్గర్ మీద గట్టి కైడెక్స్ డొప్ప కుట్టి ఉన్నదే తీసుకోవాలి. ఉత్త ఎలాస్టిక్ పట్టీ ట్రిగ్గర్‌ను కాపాడదు. పొడవు కుర్తా బాగా దాస్తుంది, కాకపోతే మోకాళ్ళ దగ్గర్నుంచి నడుము దాకా పైకి లాగితే గానీ చేయి చేరదు. పక్క చీలిక ఎత్తుగా ఉన్న కుర్తాల్లో తుంటి దగ్గర పెట్టుకుంటే సగం పని తగ్గుతుంది. హ్యాండ్‌బ్యాగ్ మాత్రం చివరి దారి. 2014 డిసెంబర్ 30న ఐడహోలోని హేడెన్‌లో ఒక దుకాణంలో రెండేళ్ళ పిల్లాడు తల్లి పర్సులోని గన్ తీయడం, అది పేలి ఆమె చనిపోవడం పత్రికలన్నీ రాశాయి. ఆ పర్సుకు గన్ కోసం జిప్పున్న ప్రత్యేక అర కూడా ఉంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే బ్యాగు ఆలోచన మానుకోండి.

చోటు ఎంచుకున్నాక ఇంట్లో మూడు రోజులు ఖాళీ గన్‌తో గడపండి. కిందికి దిగబడే సోఫాలో కూర్చుని లేవండి. షూ లేసు కట్టుకోండి. ఇరవై నాలుగు డబ్బాల కూల్‌డ్రింక్ కేసు ఎత్తి పై అరలో పెట్టండి. పిల్లల్ని చంకనెత్తుకోండి. కార్లో కనీసం ఇరవై నిమిషాలు, సీటుబెల్టుతో. నడుము పట్టీ తుంటి ఎముకల మీదుగా, గన్‌కు కిందుగా పోవాలి, గన్ మీదుగా కాదు. ఎక్కడ గుచ్చుకున్నా ఒకసారి ఒక్కటే మార్చండి: ఎత్తో, వంపో, చోటో. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. అరగంట ముల్లంత జరపడం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ చాలాసార్లు మందు అదే. లోపల బనియన్ వేసుకోండి, చెమటకు చర్మం ఒరుసుకోదు. ఆకారం తేలకుండా పైన ముదురు రంగు గళ్ళ చొక్కా, ఒక సైజు పెద్దది, టక్ చేయకుండా.

టాయిలెట్. దీని గురించి ఎవరూ చెప్పరు, గన్ మర్చిపోయేది మాత్రం ఎక్కువగా ఇక్కడే. ఫ్లష్ ట్యాంకు మీద పెట్టకండి. తలుపు కొక్కేనికి ట్రిగ్గర్ గార్డుతో తగిలించడం ఇంకా ఘోరం. హోల్‌స్టర్‌లోంచి తీయనే వద్దు. ప్యాంటు మోకాళ్ళ ఎత్తుకు మించి దించకుండా, బెల్టు మళ్ళీ బిగించి, గన్‌ను హోల్‌స్టర్‌తో సహా అలాగే ఉంచుకోండి. పక్క గదిలోవాళ్ళకు నేలమీద కనపడదు, లేస్తే దానంతట అదే మీతో వస్తుంది. ఎక్కడైనా గన్ చేజారితే గాల్లో పట్టుకోబోవద్దు, పడనివ్వండి. ఈ కాలపు గన్‌లలో ఎక్కువ భాగం కిందపడ్డా పేలకుండా తయారుచేసినవే. తడుముకునే వేలు ట్రిగ్గర్‌కు తగలడమే అసలు భయం. పాత తరం సింగిల్ యాక్షన్ రివాల్వర్లు (ప్రతిసారీ సుత్తిని వేలితో వెనక్కి లాగాల్సినవి) వేరు: సుత్తి కింద తూటా ఉంటే దెబ్బకు పేలగలవు కాబట్టి, వాటిలో సుత్తి కింది గదిని ఖాళీగా ఉంచుతారు.

గన్ తిరిగి పెట్టే పద్ధతికి తొందర పనికిరాదు. క్లిప్పులున్న హోల్‌స్టరైతే అన్నిటికంటే మంచి మార్గం, హోల్‌స్టర్‌ను బయటికి తీసి, గొట్టాన్ని ఎవరూ లేని వైపు పెట్టి, గన్‌ను అందులో అమర్చి, రెండూ కలిపి ప్యాంటులో పెట్టుకోవడం. ఒంటిమీదే పెట్టాల్సి వస్తే నిలబడండి, కూర్చుని వద్దు. ఎడమచేత్తో చొక్కాను ఛాతీదాకా ఎత్తి పట్టండి. అపెండిక్స్ అయితే నడుము ముందుకు తోసి ఒళ్ళు వెనక్కి వాల్చండి, గొట్టం ఒంటికి దూరంగా చూస్తుంది. చూపుడువేలు స్లైడ్ పక్కన చాచి ఉంచండి. సుత్తి ఉన్న గన్‌కు దాని మీద, లేనిదానికి స్లైడ్ వెనక బొటనవేలు ఆనించండి. కళ్ళతో చూస్తూ మెల్లగా దించండి. మధ్యలో ఏ మాత్రం అడ్డం తగిలినా నొక్కకండి, పైకి తీసి ఏముందో చూడండి.

చాంబర్‌లో తూటా ఉంచాలా వద్దా అన్నది ప్రతి ఒక్కరూ అడుగుతారు. అమెరికాలో శిక్షకుల్లో ఎక్కువమంది ఉంచమనే అంటారు, ఆపదలో స్లైడ్ లాగే సమయం, రెండో చేయి దొరక్కపోవచ్చు కాబట్టి. హోల్‌స్టర్, చేతి అలవాటు రెండూ కుదరని మొదటి వారాల్లో చాంబర్ ఖాళీగా ఉంచడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

రాత్రి ఇంటికొచ్చాక గన్‌ను హోల్‌స్టర్‌తో సహా తీసి, తాళమున్న పెట్టెలో పెట్టేయండి. రోజూ తూటా దించి పొద్దున మళ్ళీ ఎక్కించే అలవాటుంటే ఆ పై తూటాను గమనించండి. ఒకే తూటా పదేపదే చాంబర్‌లోకి దూరుతుంటే దాని ముందున్న గుండు, వెనకనున్న లోహపు తొడుగు (కేసు) లోపలికి కొద్దికొద్దిగా కుంగుతుంది, దాంతో పేలినప్పుడు పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడండి. రవ్వంత పొట్టిగా ఉన్నా దాన్ని వాడకండి. చెమట పట్టే చోట పెట్టుకుంటే స్లైడ్ ఒంటి వైపునే ముందు తుప్పు కనిపిస్తుంది. వేసవిలో వారానికోసారి నూనె గుడ్డతో ఆ వైపు తుడిచి, హోల్‌స్టర్ లోపలి నూలుపోగులు దులిపేసి, క్లిప్పుల స్క్రూలు ఒకసారి బిగించి చూడండి.